అగ్గి తెగులు: ఏ విత్తనం వేయాలి, ఏ మందు కొట్టాలి

సంక్రాంతి రోజుల్లో మా నెల్లూరు జిల్లా కోవూరు వైపు తెల్లవారి గట్టు మీద నడిస్తే మోకాళ్ల దాకా మంచుకు తడిసిపోతాం. ఆ తడి ఆరేసరికి తొమ్మిది దాటుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఒకరు వరి ఆకు చేత్తో పట్టుకుని మా ఇంటికి వస్తారు. "అక్కా, అగ్గి తెగులు పడింది. ఏం కొట్టమంటావు?" నేను తెగుళ్ల శాస్త్రం చదువుకుని, తర్వాత సొంత సేద్యంలోకి దిగినదాన్ని. అందుకే నన్ను అడుగుతారు. మందు పేరు చెప్పే ముందు నేను మూడు సంగతులు అడుగుతాను. ఏ విత్తనం వేశావు? పైరు ఏ దశలో ఉంది? ఇంతకు ముందు ఏం కొట్టావు? మొదటి రెండింటికీ జవాబు వెంటనే వస్తుంది. మూడోదానికి చాలామంది "ఏదో తెల్ల పొడి, కొట్లో ఇచ్చాడు" అంటారు. మందు ఎంపికలో అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు ఆ ఆకును చూద్దాం. నూలు కండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు ఉంటే అది అగ్గి తెగులే. గుండ్రంగా, నువ్వు గింజంత మచ్చలైతే గోధుమ రంగు ఆకుమచ్చ. కొసల నుంచి అంచుల వెంబడి అలలా ఎండుకుంటూ వస్తే బ్యాక్టీరియా ఎండాకు తెగులు, దానికి బూజు మందు కొట్టడం డబ్బు దండగ. ఈనిన తర్వాత తెల్లబారిన వెన్ను కనబడితే దాన్ని పట్టి లాగండి. సులువుగా ఊడి చేతికి వస్తే కాండం తొలుచు పురుగు పని. ఊడి రాకుండా, వెన్ను మెడ దగ్గర నల్లగా కమిలి అక్కడే విరిగితే మెడ విరుపు, అంటే అగ్గి తెగులే మెడకు ఎక్కింది. ఆకు మీద వస్తే పైరు కొంతవరకు తేరుకుంటుంది. మెడకు వస్తే గింజ తాలు పోతుంది, దాన్ని వెనక్కి తెచ్చే మందు ఏ కొట్లోనూ లేదు.

ఇది కలిగించే బూజు పేరు మాగ్నపోర్తే ఒరైజే, పైరిక్యులేరియా అని కూడా అంటారు. తంజావూరు డెల్టాలో 1919లో ఇది పైర్లను తుడిచిపెట్టిన దగ్గర్నుంచి మన దేశంలో దీని మీద పని జరుగుతూనే ఉంది. పైరుకు తెగులు తెచ్చే బూజుల్లో జన్యు పటం మొదట పూర్తిగా అచ్చయింది దీనిదే, 2005లో. ఏడు క్రోమోజోములు, దాదాపు 11 వేల జన్యువులు. రైతుకు ఈ లెక్కతో పనేమిటంటారేమో. పని ఉంది.

మనం "అగ్గి తెగులు" అని ఒకే పేరుతో పిలుస్తున్నా, పొలంలో ఉన్నది ఒకే బూజు కాదు. దాంట్లో ఎన్నో జాతులు. వరి మొక్కలో ఒక్కో నిరోధక జన్యువు ఒక్కో కావలివాడి లాంటిది. బూజు తీసుకొచ్చే ఏదో ఒక పదార్థాన్ని గుర్తుపట్టి కేకేస్తుంది, మొక్క ఆ చోట కణాలను తానే చంపుకుని తెగులును ఆపేస్తుంది. బూజు ఆ పదార్థం తయారు చేసే జన్యువును పోగొట్టుకుందంటే కావలివాడి ఎదుటే లోపలికి నడిచి వస్తుంది. ఇలాంటి జన్యువులు కొన్ని క్రోమోజోము కొసల దగ్గర ఉంటాయి, కొసలు తెగిపోవడం, మారిపోవడం తేలిక. ఏ జాతి ఏ కావలిని దాటుతుందో తేల్చడానికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 31 వేర్వేరు వంగడాలు తయారు చేసింది. ఒక్కో వంగడంలో ఒక్కో నిరోధక జన్యువు, కొన్ని జన్యువులు ఒకటి కన్నా ఎక్కువ వంగడాల్లో, మొత్తం 24 జన్యువులు వాటిలో ఉన్నాయి. ఒక ఊళ్లో బూజు తెచ్చి వాటి మీద చల్లితే ఏది నిలబడుతుందో, ఏది పడిపోతుందో కనబడుతుంది.

ఈ బూజు సాధారణంగా జత కట్టకుండానే పెరుగుతుంది. ఒక మచ్చ నుంచి రాత్రికి వేల బీజాలు గాలికి లేస్తాయి, అన్నీ తల్లికి అచ్చులే. వారం తిరిగేసరికి అవి కొత్త మచ్చలు. అందువల్ల ఒక్కదానికి మందును తట్టుకునే గుణం వచ్చి, ఆ సీజనంతా మనం అదే మందు కొడుతూ పోతే, మిగిలేది దాని సంతానమే. మన దేశంలో రెండు లింగ రకాలూ దొరికాయి కూడా. అవి కలిసేచోట గుణాలు కలగలిసే దారి ఉంటుంది. నా సలహా అంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది: ఒకే విత్తనం, ఒకే మందు అని పొలమంతా వాటికి అప్పగించకండి.

ఇక విత్తనం. మందు కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే, రూపాయి లెక్కన చూసినా పెద్ద ఎంపిక ఇదే. రబీ నారు పోసేటప్పుడు తీసుకునే నిర్ణయం జనవరిలో మందు ఖర్చును సగం తేల్చేస్తుంది.

బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అన్నం రుచికి, ధరకు దానికి సాటి చెప్పడం కష్టం. మా నాయన చివరి దాకా దాన్ని వదల్లేదు. అగ్గి తెగులుకు మాత్రం అది తల వంచుతుంది. నెల్లూరు మంచులో బీపీటీ వేస్తున్నామంటే మందు ఖర్చు ముందే రాసి పెట్టుకోవాలి. ఇక్కడ ఒక పొరపాటు చాలాసార్లు చూశాను. "మెరుగుపరిచిన సాంబ మసూరి" అనే విత్తనం ఉంది కదా, దానికి తెగులు రాదంట అని తెచ్చి వేస్తారు. దాంట్లో చేర్చిన మూడు జన్యువులు బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు. అగ్గి తెగులు విషయంలో అది మామూలు బీపీటీ లాగే పడుతుంది.

ఎన్‌ఎల్‌ఆర్ 34449, నెల్లూరు మసూరి, మన నెల్లూరు పరిశోధన కేంద్రం ఇచ్చింది. నాలుగు నెలల పంట, సన్న గింజ, అగ్గి తెగులును తట్టుకునే రకం. నెల్లూరు కేంద్రం ఈ తెగులు విపరీతంగా పడే చోటే ఉంది కాబట్టి, ఇక్కడ వడపోసిన వంగడం మన మంచుకు పరీక్ష రాసి వచ్చినట్టే. కాలువ నీళ్లు ఆలస్యమై నాట్లు వెనకబడితే నేను ఇంకేమీ ఆలోచించకుండా దీనికే వెళ్తాను. ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోనా, కూడా తట్టుకునే రకంగానే విడుదలైంది. సన్న గింజే, బియ్యానికి గిరాకీ ఉంది. ఎంటీయూ 1010 కొంతవరకు తట్టుకుంటుంది, సుడిదోమకు కూడా ఓర్చుకుంటుంది, గింజ మాత్రం బీపీటీ అంత సన్నం కాదు.

"తట్టుకునే రకం" అన్నంత మాత్రాన ఎప్పటికీ రాదని కాదు. ఊరంతా అదే విత్తనం ఏళ్ల తరబడి వేస్తే, దాని కావలిని దాటగల జాతి ఒక్కటి పుట్టినా ఊరంతా దానికి మేతే. దీనికి నాకు నచ్చిన జవాబు చైనాలోని యునాన్ రైతులది. అగ్గి తెగులుకు లొంగే జిగురు వరిని తట్టుకునే హైబ్రిడ్ వరుసల మధ్యలో నాటారు. జిగురు వరిలో తెగులు 94 శాతం తగ్గిందని 2000లో అచ్చయింది, అక్కడ అగ్గి తెగులు మందు కొట్టడమే మానేశారు. జపాన్‌లో నీగతా రైతులు 2005 నుంచి తమ పేరుమోసిన కోషిహికారి బియ్యానికే ఇలా చేశారు. రుచి, గింజ ఒకటే, నిరోధక జన్యువులు మాత్రం వేర్వేరుగా ఉన్న వంగడాలను కలిపి విత్తనంగా ఇచ్చారు. మన మిల్లరు కలగలుపు వడ్లు కొనడు, ఆ సంగతి నాకూ తెలుసు. కాబట్టి వరుసలు కలపక్కర్లేదు, కయ్యలు మార్చండి. నాలుగెకరాలుంటే రెండెకరాలు బీపీటీ, రెండెకరాలు 34449. మంచు ఎక్కువ నిలిచే పల్లపు కయ్యకు, చెట్ల నీడ పడే కయ్యకు తట్టుకునే రకం. గాలి ఆడే మెరక కయ్యకు బీపీటీ. ఇరవై ఏళ్ల కిందట బీపీటీ ఒక్కటే వేసి పుట్టి మీద పుట్టి పోగొట్టుకున్న ఇల్లు మాది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రకాశం వైపు కొర్ర రైతులు ఒక మాట అడుగుతుంటారు: కొర్రలో అగ్గి తెగులు వస్తే పక్కన వరికి పాకుతుందా అని. కొర్రను పట్టే వంశం, వరిని పట్టే వంశం చాలావరకు వేర్వేరు. పక్క చేలో కొర్రను చూసి వరికి మందు కొట్టక్కర్లేదు.

మందులకు వద్దాం. కొట్లో డబ్బాల మీద పేర్లు యాభై ఉంటాయి. పేరు పక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. అగ్గి తెగులుకు పనికొచ్చే దారులు, అంటే మందు బూజును దెబ్బతీసే తీరులు, నిజానికి నాలుగైదే.

ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మొదటిది. బీమ్, బాన్ లాంటి పేర్లతో దొరుకుతుంది. లీటరుకు 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటికి 120 గ్రాములు. 16 లీటర్ల ట్యాంకుకు దాదాపు 10 గ్రాములు. ఇది పనిచేసే తీరు తెలిస్తే ఎప్పుడు కొట్టాలో మీకే తెలిసిపోతుంది. బూజు బీజం ఆకు మీద పడి మొలిచి, బోర్లించిన గిన్నె లాంటి చిన్న బుడగ కడుతుంది. ఆ బుడగ గోడకు నల్లటి మెలనిన్ పూత వేసుకుని, లోపల ఒత్తిడి పెంచుకుంటుంది. ఆ ఒత్తిడి కారు టైరులో గాలి కన్నా దాదాపు 40 రెట్లు. ఆ బలంతో మేకు దిగినట్టు ఆకులోకి దిగుతుంది. ట్రైసైక్లజోల్ ఆ నల్ల పూతను వేయనివ్వదు. పూత లేని బుడగలో ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. అంటే ఈ మందు బూజును చంపదు, గుమ్మం దాటనివ్వదు. ఇప్పటికే లోపలికి వెళ్లినదాన్ని ఏమీ చేయలేదు. మచ్చలు నిండా పడ్డాక ట్రైసైక్లజోల్ కొట్టి "మందు నకిలీది" అనేవాళ్లలో సగంమంది ఆలస్యంగా కొట్టినవాళ్లే.

దీంట్లో ఇంకో విశేషం ఉంది. ప్రయోగశాలలో బూజు మందును తట్టుకుంటోందా లేదా అని చూడటానికి, గాజు పళ్లెంలో మేత పోసి, దాంట్లో మందు కలిపి బూజును పెంచుతారు. పెరుగుదల సగానికి తగ్గడానికి ఎంత మందు కావాలో కొలుస్తారు. టెబుకొనజోల్ లాంటి మందులకు ఆ పరీక్ష చక్కగా కుదురుతుంది. ట్రైసైక్లజోల్ కలిపిన పళ్లెంలో మాత్రం బూజు హాయిగా పెరుగుతుంది, నలుపు పోయి ఎరుపు రంగుకు తిరుగుతుందంతే. ఆ పళ్లెం చూసి మందు పనికిరాదనుకుంటే పొరపాటు. పళ్లెంలో గెలిచిన మందు పొలంలో గెలవాలని లేదు, పళ్లెంలో ఓడినది పొలంలో ఓడాలనీ లేదు. ఎవరైనా పళ్లెం బొమ్మలు చూపించి మందు అమ్మబోతే ఇది గుర్తుపెట్టుకోండి.

నలభై ఏళ్లకు పైగా లోకమంతా వాడుతున్నా బూజు ట్రైసైక్లజోల్‌ను గట్టిగా దాటిన దాఖలా పొలాల్లో కనబడలేదు. అది దాని గొప్ప. అదే నల్ల పూతను వేరే మెట్టు దగ్గర అడ్డుకునే కార్‌ప్రోపమిడ్ అనే మందు జపాన్‌లో మూడు నాలుగేళ్లకే దెబ్బతింది. 2001లో క్యూషూ దీవిలో దాన్ని తట్టుకునే బూజు బయటపడింది, ఒక్క జన్యువులో ఒక్క మార్పుతో. ట్రైసైక్లజోల్‌కు ఉన్న లోటు వేరు. యూరప్ దేశాలు బియ్యంలో దాని అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని 2017లో గీత గీశాయి. ఎగుమతికి పోయే బియ్యమైతే చివరి దశలో దీన్ని వదిలేయాలి. మన తిండికైనా సరే, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసింది పాటించాలి.

ఐసోప్రోథయోలేన్ 40 శాతం రెండోది, ఫ్యూజీ వన్ అని అడిగితే ఇస్తారు. లీటరుకు 1.5 మి.లీ., ట్యాంకుకు 24 మి.లీ. మొక్కలోకి ఇంకుతుంది, బూజు పొర కట్టుకోవడానికి కావలసిన కొవ్వు తయారీని చెడగొడుతుంది. మచ్చ మొదలైన తర్వాత కూడా కొంత పట్టు ఉంటుంది. అందుకే "నిన్ననే నాలుగు మచ్చలు చూశాను" అని వచ్చినవాళ్లకు ట్రైసైక్లజోల్ కన్నా ముందు దీన్నే చెబుతాను. పాతకాలపు కిటాజిన్ కూడా ఈ దారిదే. ఒకదాన్ని తట్టుకునే బూజు రెండోదాన్నీ తట్టుకోగలదు కాబట్టి, దాని తర్వాత ఇది కొడితే మందు మార్చినట్టు కాదు.

కాసుగమైసిన్ 3 శాతం మూడోది, కాసు-బి అంటారు. లీటరుకు 2.5 మి.లీ., ట్యాంకుకు 40 మి.లీ. మట్టిలోని సూక్ష్మజీవి తయారు చేసే యాంటీబయాటిక్ ఇది. జపాన్‌లోని కసుగా గుడి దగ్గర మట్టిలో ఆ జీవి దొరికింది, పేరు అలా వచ్చింది. బూజు లోపల మాంసకృత్తుల తయారీని ఆపుతుంది, మచ్చ పడిన తర్వాత కూడా పనికొస్తుంది. జపాన్‌లో దీన్ని ఒక్కదాన్నే పదే పదే కొట్టిన చోట 1970లలో తట్టుకునే బూజు వచ్చింది. వాడకం ఆపాక ఆ బూజు బలం తగ్గుతూ వచ్చింది. సీజనుకు ఒక్కసారి, అది కూడా మరో దారి మందుకు ముందో వెనకో కొడితే దీని బతుకు చాలాకాలం ఉంటుంది.

నాలుగో దారి స్ట్రోబిలురిన్లు: అజాక్సీస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, పికాక్సీస్ట్రోబిన్. బూజుకు ఊపిరి ఆడకుండా చేస్తాయి. మొదట్లో పనితనం అద్భుతం, భయం కూడా వీటితోనే ఎక్కువ. బూజులో ఒక మాంసకృత్తులో 143వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు మొత్తంగా పనికిరాకుండా పోతుంది. కొంచెం కొంచెంగా తగ్గడం ఉండదు, మోతాదు పెంచినా లాభం ఉండదు. వరి మీద ఇది జపాన్‌లో 2012లో కనబడింది. బ్రెజిల్‌లో గోధుమను పట్టే ఇదే బూజులో బాగా వ్యాపించింది. అందుకే వీటిని ఒంటరిగా ఎప్పుడూ కొట్టకండి. టెబుకొనజోల్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ కలిసి వచ్చే నేటివో లీటరుకు 0.4 గ్రాములు. టెబుకొనజోల్ దారి వేరు, దాన్ని బూజు దాటేది అంచెలంచెలుగా. పొట్ట దశలో అగ్గి తెగులుతో పాటు పాముపొడ అనే మరో బూజు తెగులు కూడా కనబడితే ఇదే నా ఎంపిక. ట్రైసైక్లజోల్ పాముపొడను ముట్టదు. రెండు తెగుళ్లూ కలిసి లేనప్పుడు ఇంత ఖరీదు పెట్టక్కర్లేదు.

కార్బెండజిమ్‌ను పైరు మీద కాక విత్తనానికి వాడండి. దంప నారుమడికైతే లీటరు నీటికి గ్రాము కలిపి, కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి మండె కట్టాలి. హెక్సాకొనజోల్ పాముపొడకు మంచిదే, అగ్గి తెగులుకు అది చేతికిస్తే ఇంకో కొట్టుకు వెళ్లండి.

ఇప్పుడు దశను బట్టి. నారుమడిలోనో, పిలకల దశలోనో, మచ్చలు ఇంకా లేవు గాని రాత్రుళ్లు చలి, పొద్దున తొమ్మిది దాకా తడి ఉంటే, వేసింది బీపీటీ అయితే: ట్రైసైక్లజోల్. అదే దశలో మచ్చలు కనబడితే: ఐసోప్రోథయోలేన్ లేదా కాసుగమైసిన్, యూరియా వెంటనే ఆపేయాలి. వేసింది 34449 అయి, నాలుగు మచ్చలే ఉంటే: మందు వద్దు, మూడు రోజులాగి మళ్లీ చూడండి. పొట్ట దశ చివర, వెన్ను ఇంకా బయటకు రాకముందు: ఇది మెడను కాపాడుకునే అదను, ఇక్కడ మందు డబ్బు ఆదా చేయకండి. ముందు ఐసోప్రోథయోలేన్ కొట్టి ఉంటే ఇప్పుడు ట్రైసైక్లజోల్. ముందు ట్రైసైక్లజోల్ కొట్టి ఉంటే ఇప్పుడు కాసుగమైసినో, పాముపొడ ఉంటే నేటివోనో. వారం పది రోజులకు మంచు తగ్గకపోతే ఇంకొక్కసారి, మళ్లీ దారి మార్చి. వెన్నులు వంగి మెడ నల్లబడ్డాక మందు కొట్టడం మానేసి ఆ డబ్బు కోతకు దాచుకోండి.

రబీ తర్వాత వేసే ఎడగారు పంటకు ఇంత తతంగం అక్కర్లేదు. ఎండాకాలం వేడికి, ఆకు తడి నిలవకపోవడానికి ఈ బూజు బలం చూపలేదు. రబీలో ఏ మందు కొట్టానో ఎడగారుకూ అదే కొట్టాలేమో అని అలవాటుగా కొట్టేవాళ్లున్నారు, అది వద్దు.

మందు కొట్టినా ఆగలేదంటే బూజు మందును దాటేసిందని వెంటనే అనుకోవద్దు. ఎకరాకు ఆరు ట్యాంకులతో సరిపెట్టారా? మంచు ఆరకముందే కొట్టారా? కొట్టిన రెండు గంటల్లో వాన పడిందా? యూరియా బస్తా అదనంగా పడిందా? ఇవన్నీ కాదని తేలాకే ఆ అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి ఖర్చు లేని దారి ఒకటుంది. కొట్టేటప్పుడు కయ్యలో ఒక మూల రెండు అంకణాలు మందు లేకుండా వదిలేయండి, కర్ర పాతి గుడ్డ కట్టండి. పదిరోజుల తర్వాత రెండు చోట్లా ఇరవై ఆకులు చొప్పున కోసి మచ్చలు లెక్కపెట్టండి. కొట్టిన చోట బాగా తగ్గితే మందు పనిచేస్తోంది, కొట్టింది ఆలస్యమైందంతే. రెండు చోట్లా ఒకేలా ఉంటే ఆ దారి మందును ఆ సీజనుకు పక్కన పెట్టండి.

అలాంటప్పుడు ఆ ఆకులు పారేయకండి. నెల్లూరు వరి పరిశోధన కేంద్రానికో, మీ రైతు సేవా కేంద్రం ద్వారా వ్యవసాయాధికారికో చేర్చండి. మచ్చలున్న పది పదిహేను ఆకులు, నీడలో తడి ఆరబెట్టి, కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్లి వేరే బూజులు పట్టేస్తాయి, అసలుది దొరకదు. కవరు మీద ఊరు, విత్తనం పేరు, నాటిన తేదీ, కొట్టిన మందులు తేదీలతో సహా రాయండి. ఆ చివరి గీత రాయాలంటే డబ్బాల మీది పేర్లు ముందే ఎక్కడో రాసి ఉండాలి కదా. మా ఇంట్లో అందుకు వడ్ల గాదె తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాస్తాం. పోయిన రబీ గీతలు ఇంకా చెరపలేదు.